అప్‌డేట్: చెరువులో క్రాపీ చేపలు పడటం లేదన్న ప్రశ్నకు జవాబు దొరికింది

డాలస్ శివారులో మా ఇంటి దగ్గరి చెరువులో బ్లూగిల్ చేపలు గాలానికి పడుతున్నా క్రాపీ ఒక్కటీ పడటం లేదని మార్చి మొదట్లో అడిగాను. ఇప్పుడు పడుతున్నాయి. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పనిచేసింది నీటి వేడి కొలిచి చూడమన్న సలహా. అప్పట్లో నీళ్లు ఇంకా చల్లగా ఉండేవి. 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక క్రాపీలు గుడ్లు పెట్టడానికి లోతు వదిలి, ఒడ్డు పక్కన మునిగి ఉన్న కొమ్మల దగ్గరికి చేరాయి. ఎరలు అమ్మే దుకాణం పెద్దాయన ఇంకో కీలకం చెప్పారు: క్రాపీ పైకి చూస్తూ మేస్తుంది, కిందికి దిగి తినడం అరుదు. అందుకని బెండు జరిపి, క్రాపీలు ఉన్న లోతు కన్నా కాస్త పైన ఎర వేలాడేలా కట్టాం. ముందుగా పడింది మా బావగారి పిల్లలకే! లాగేటప్పుడు మాత్రం కుదుపు వద్దు. దాని నోరు కాగితమంత పలచన, చిరిగి గాలం ఊడిపోతుంది.

జిగ్ (తల దగ్గర బరువున్న గాలానికి తొడిగే నకిలీ ఎర) రంగు గురించి జరిగిన పెద్ద చర్చ మా చెరువు వరకు అనవసరం. తెల్లదానికీ పడ్డాయి, పసుపుదానికీ పడ్డాయి, ఎరగా వాడే బతికున్న చిన్న చేపలు, మిన్నోలకూ పడ్డాయి. ఖరీదైన గాలం కర్ర కూడా అక్కర్లేదు.

టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండినవారు లైసెన్సు తీసుకోవాలి. 10 అంగుళాల కన్నా చిన్న క్రాపీని సాధారణంగా వదిలేయాలి. వంట సంగతి అడిగినవారికి: వేపుడే మేలు, పులుసులో ముక్క చెదిరిపోతుంది.