ఎండాకాలం నడుముకి పిస్టల్ ఎట్లా పెట్టుకుంటున్నారు అన్నా? (డాలస్)

స్టోర్‌వాలా_ఇర్వింగ్

అందరికీ నమస్తే. ఇర్వింగ్‌లో చిన్న కన్వీనియెన్స్ స్టోర్ నడుపుతున్నా, రాత్రి క్లోజింగ్ నేనే చేస్తా, క్యాష్ బ్యాగ్ పట్టుకుని పార్కింగ్ లాట్ చివరిదాకా నడవాలి. సిటిజెన్‌షిప్ వచ్చాక ఎల్‌టిసి (లైసెన్స్ టు క్యారీ, అంటే టెక్సస్‌లో గన్ వెంట పెట్టుకునే లైసెన్స్) క్లాస్ చేసి లైసెన్స్ తీసుకుని గ్లాక్ 19 పిస్టల్ కొన్నా. చలికాలం అంతా జాకెట్ కింద అసలు ఉందో లేదో నాకే తెలియనట్టు ఉండేది, ఇప్పుడు జులై వచ్చేసరికి నరకం కనిపిస్తోంది. వెనక స్టాక్ రూమ్‌లో ఏసీ రాదు, డబ్బాలు దించి వచ్చేసరికి బనీను పిండితే నీళ్ళు కారతాయి, స్లైడ్ (పిస్టల్ పైన కదిలే ఇనుప భాగం) వెనక భాగం నడుము ఎముక దగ్గర ఒరుసుకుని చర్మం ఎర్రగా కందిపోయింది, చెమటకాయలు వేరే. లెదర్ హోల్‌స్టర్ (గన్ పెట్టుకునే ఒర) తడిసి తడిసి వాసన కొడుతోంది. తెల్ల పోలో షర్ట్ ఒంటికి అంటుకుంటే గన్ షేప్ మొత్తం కనపడుతోంది, మొన్న రెగ్యులర్ కస్టమర్ ఒకాయన చూసీ చూడనట్టు నవ్వాడు.

మా ఆవిడ కార్లో పెట్టేయమంటోంది. ఫ్రెండ్ ఏమో ఇంకా చిన్న గన్ కొనమంటున్నాడు. బెల్లీ బ్యాండ్ అని ఏదో ఉందంట, దాని గురించి కూడా చెప్పండి. ఇంకోటి, శ్రావణమాసం వస్తోంది, ఎవరో ఒకరి ఇంట్లో వ్రతం ఉంటుంది, కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, అప్పుడు ఏం చేస్తారు మీరంతా?

గుంటూరు_టు_ప్లానో

అన్నా, ముందు ఆ పోలో షర్ట్ పక్కన పడెయ్, గన్ సంగతి తర్వాత చూద్దాం. ఇక్కడ అందరూ వేసవి రాగానే చిన్న గన్ కొనుక్కో అంటారు, నా లెక్కలో తొంభై శాతం బాధ హోల్‌స్టర్‌తోటీ బట్టతోటీ వచ్చేదే.

లెదర్ వేసవికి పనికిరాదు అనను గానీ రోజూ డబ్బాలు మోసేవాడికి పనికిరాదు, చెమట పీల్చుకుంటుంది, మెత్తబడుతుంది, మెత్తబడితే మూతి దగ్గర ముడుచుకుని గన్ తిరిగి పెట్టేటప్పుడు ఆ ముడత ట్రిగ్గర్ గార్డ్‌లోకి వెళ్ళి ట్రిగ్గర్ నొక్కుకునే ఛాన్స్ ఉంది, అది డేంజర్. కైడెక్స్ తీసుకో, గట్టి ప్లాస్టిక్ షీట్‌ని నీ గన్ మోడల్‌కే అచ్చు పోసి చేస్తారు, తడవదు, రాత్రి ట్యాప్ కింద కడిగేస్తే అయిపోయింది (గన్ తీసేసి కడుగు స్వామీ). కొనేటప్పుడు స్వెట్ గార్డ్ ఉన్నది చూడు, అంటే చర్మం వైపు గోడ కొంచెం ఎత్తుగా స్లైడ్ వెనకదాకా ఉంటుంది, నీకు కందిపోయిన చోట ఇనుము తగలకుండా అదే కాపాడుతుంది. రెండోది క్లా అని ఒక చిన్న రెక్క ఉంటుంది, అది బెల్ట్‌కి ఆనుకుని గ్రిప్‌ని, అంటే గన్ పిడిని, పొట్టవైపు తిప్పుతుంది. షర్ట్‌లోంచి బయటికి పొడుచుకొచ్చేది ఎప్పుడూ గ్రిప్పే, గొట్టం కాదు, కాబట్టి గొట్టం పొట్టిగా ఉన్న గన్ కొని లాభం లేదు.

బెల్ట్ మామూలు డ్రెస్ బెల్ట్ అయితే మార్చు. గ్లాక్ 19 లోడ్ చేస్తే 850 గ్రాముల చిల్లర ఉంటుంది, మెత్తటి బెల్ట్ అయితే ఆ బరువుకి ఒక పక్కకి జారుతుంది, జారకుండా ఉండాలని నువ్వు ఇంకో బెజ్జం బిగిస్తావ్, అక్కడే చర్మం ఒరుసుకుపోవడం మొదలవుతుంది. గట్టి బెల్ట్ అయితే లూజ్‌గా కట్టుకున్నా నిలబడుతుంది. ప్యాంట్ కూడా నడుము ఒక సైజు పెద్దది.

లోపల బనీను కాటన్ వద్దు. కాటన్ తడిస్తే తడిగానే ఉంటుంది, జిమ్‌కి వేసుకునే డ్రై ఫిట్ టైపు పల్చటిది వేసి దాన్ని ప్యాంట్‌లోకి టక్ చేసి దాని మీద హోల్‌స్టర్ పెట్టు, చర్మానికి డైరెక్ట్‌గా ఏదీ తగలకూడదు. పైన షర్ట్ మాత్రం కాటనే, కానీ గట్టి కాటన్. ఇది నా సొంత కనిపెట్టుడు అనుకో: పోయినసారి ఇండియా వెళ్ళినప్పుడు నాన్న కోసం కొన్న పొందూరు ఖద్దరు హాఫ్ హ్యాండ్స్ చొక్కాలు రెండు నేను తెచ్చుకున్నా. లైట్‌గా గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే ఆ చొక్కా ఒంటికి అంటుకోనే అంటుకోదు, గుడారంలా ఒంటికి దూరంగా నిలబడుతుంది, గాలి ఆడుతుంది, కింద ఏముందో దేవుడికి కూడా కనపడదు. మంగళగిరి కాటన్ కూడా ఓకే. ఇక్కడ అమ్మే టాక్టికల్ షర్ట్‌లు అవీ చూశా, పది జేబులు, లోపల మెష్, వేసుకుంటే గన్ ఉందని బోర్డు పెట్టుకున్నట్టే. రంగు ముదురుది గానీ చిన్న చెక్స్ గానీ తీసుకో, లేత రంగు తడిస్తే అన్నీ కనిపిస్తాయి.

తుప్పు సంగతి. గ్లాక్ స్లైడ్ మీద ట్రీట్‌మెంట్ బాగానే తట్టుకుంటుంది, తుప్పు పట్టేది సైట్స్ (గురి చూసే ముక్కలు), స్క్రూలు, చిన్న పిన్నులు, మ్యాగజైన్ (తూటాల డబ్బా) స్ప్రింగ్. చెమటలో ఉప్పు ఉంటుంది కదా. ఇంటికి రాగానే అన్‌లోడ్ చేసి నూనె చుక్క వేసిన గుడ్డతో తుడిచి పెట్టు, నూనె పొయ్యక్కర్లేదు, తూటాల మీద అస్సలు పడనీయొద్దు, తూటా అడుగున నిప్పు రాజేసే ప్రైమర్‌లోకి దిగితే అవసరానికి పేలదు. రోజూ చాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే చోట) పెట్టి తీసే తూటా ఒక్కటే అయితే దాని బుల్లెట్ కొద్దికొద్దిగా లోపలికి నెట్టుకుపోతుంది, ప్రెజర్ పెరుగుతుంది, కాబట్టి అప్పుడప్పుడు మార్చి పాతవి షూటింగ్ రేంజ్‌లో కాల్చేయ్.

కార్లో మాత్రం వదలొద్దు. ఎండకి తూటాలు పేలిపోతాయని భయపడక్కర్లేదు, ఆ వేడి చాలదు. భయం దొంగలతో. ఇక్కడ పార్కింగ్ లాట్లలో అద్దం పగలగొట్టి ముందు వెతికేదే గ్లవ్ బాక్స్. తప్పదు అంటే సీటు ఫ్రేమ్‌కి కేబుల్‌తో కట్టిన చిన్న లాక్ బాక్స్ పెట్టించుకో.

హ్యూస్టన్_నర్సక్క

మీ డాలస్ వాళ్ళు వేడి వేడి అంటారు, ఒకసారి ఇక్కడికి రండి, మాది ఉడకబెట్టే వేడి, పొద్దున ఆరింటికే కళ్ళజోడు మసకబారుతుంది. బెల్లీ బ్యాండ్ (నడుం చుట్టూ చుట్టుకుని గన్ పెట్టుకునే పట్టీ) అడిగారు కదా తమ్ముడూ, నేను వాడతాను కాబట్టి చెప్తున్నా. లెగ్గింగ్స్‌కీ చుడీదార్‌కీ బెల్ట్ ఉండదు, మాకు వేరే దారి లేదు. నియోప్రీన్ అని రబ్బరు లాంటిది కొనొద్దు, లోపల చెమట బయటికి పోదు, గంట తర్వాత విప్పితే చర్మం నానబెట్టిన శనగల్లా ఉంటుంది. సన్న రంధ్రాలు ఉన్న ఎలాస్టిక్‌ది కొనండి, రెండు కొనుక్కుని ఒకటి ఉతుకుతూ ఒకటి వాడండి. ముఖ్యమైనది ఏంటంటే గుడ్డ జేబులోకి గన్ ఊరికే దోపే బ్యాండ్ వద్దు, ట్రిగ్గర్‌ని పూర్తిగా మూసే గట్టి షెల్ ఉన్నదే కావాలి, గుడ్డ మీద నుంచి కూడా ట్రిగ్గర్ నొక్కుకుపోతుంది.

కందిన చోట నైసిల్ పౌడర్ చల్లేసి దాని మీదే మళ్ళీ హోల్‌స్టర్ పెట్టకండి, చెమటకి ముద్దయి ఇంకా రాస్తుంది. కడిగి ఆరబెట్టి రెండ్రోజులు ఆ వైపు ఖాళీగా వదిలేయండి. చీము పొక్కులు వస్తే డాక్టర్‌కి చూపించండి, మడతల్లో ఫంగస్ కూడా అలాగే మొదలవుతుంది.

హ్యాండ్ బ్యాగ్‌లో పెట్టుకోవచ్చు కదా అని అందరూ అడుగుతారు. మా ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు, చాక్లెట్ కోసం మొట్టమొదట వెతికేది నా బ్యాగే. టెక్సస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లలకి లోడ్ చేసిన గన్ అందేలా వదిలితే అదే ఒక క్రైమ్. మా హాస్పిటల్ గుమ్మం దగ్గర గన్ వద్దని బోర్డు ఉంది కాబట్టి డ్యూటీకి తీసుకెళ్ళను, సాయంత్రం ఒక్కదాన్నే వాకింగ్‌కి వెళ్ళేటప్పుడే.

ఆస్టిన్_ఆలోచన

ఎవరూ తిట్టొద్దు, ఒక మాట అడుగుతా. క్యాష్ బ్యాగ్ కోసమేనా ఇదంతా? డ్రాప్ సేఫ్ (చీలికలోంచి క్యాష్ లోపలికి వేసే ఇనప్పెట్టె) పెట్టి పొద్దున వెలుగులో బ్యాంక్‌కి తీసుకెళ్తే రాత్రి బ్యాగ్ పట్టుకుని నడిచే పనే ఉండదు కదా. దొంగ ఎవడైనా గన్ చూపిస్తే క్యాష్ ఇచ్చెయ్, రెండు వేల డాలర్ల కోసం హోల్‌స్టర్ కొలతలు ఎందుకు.

స్టోర్‌వాలా_ఇర్వింగ్

@ఆస్టిన్_ఆలోచన డ్రాప్ సేఫ్ ఉంది బ్రో, లాటరీ క్యాష్ అంతా దాంట్లోకే పోతుంది. క్యాష్ అడిగితే ఇచ్చేస్తా, దానికోసం గన్ తియ్యను, క్లాస్‌లో కూడా అదే చెప్పారు. రాత్రి ఆ లాట్‌లో ఒక్కడినే ఉంటా, అదీ నా భయం.

@గుంటూరు_టు_ప్లానో అన్నా ఖద్దరు ఐడియాకి దండం, ఇది నాకు తట్టనే లేదు. వ్రతం సంగతి ఎవరూ చెప్పలేదు.

గుంటూరు_టు_ప్లానో

వ్రతానికి తీసుకెళ్ళకు, అంతే. పొట్ట ముందు పెట్టుకుంటే కింద కూర్చోగానే గొట్టం గజ్జల్లో గుచ్చుకుంటుంది, పక్కకి పెడితే ప్రసాదం వడ్డించేవాళ్ళ మోచెయ్యి తగులుతుంది, పంచె కట్టుకుంటే హోల్‌స్టర్ క్లిప్ పెట్టడానికి చోటే లేదు. సగం మంది లాల్చీ వేసుకుంటే దాచేయొచ్చు అనుకుంటారు, దాస్తుంది నిజమే, అవసరానికి మోకాళ్ళదాకా ఉన్న గుడ్డ పైకి లాగేసరికి తెల్లారుతుంది. పైగా ఎవరింటికైనా వెళ్తే వాళ్ళకి చెప్పకుండా తీసుకెళ్ళడం నాకు నచ్చదు. గుడికి అయితే ద్వారం దగ్గర బోర్డు చూడు, 30.06 అని ఉంటే (దాచిపెట్టి గన్ తేవొద్దని చెప్పే టెక్సస్ చట్టం సెక్షన్ నంబర్) లైసెన్స్ ఉన్నా లోపలికి కుదరదు. బార్ దగ్గర 51 పర్సెంట్ బోర్డు (రాబడిలో సగం పైన మందు అమ్మకందే అని) ఉంటే ఆలోచించేదే లేదు.

కర్నూలు_బురుజు

నేను ఇండియాలోనే ఉంటా, మా చిన్నాయన దగ్గర లైసెన్స్ ఉన్న కాన్పూర్ .32 రివాల్వర్ ఉండాది, చిన్నప్పటి నుంచి చూస్తాండ కాబట్టి రాస్తాండ. మా దగ్గర మే నెల 43 దాటుతాది. ఆయన సఫారీ షర్ట్ బయటికి వదిలి లోపల లెదర్ పౌచ్ పెట్టుకుంటాడు. రాత్రికి ఇంటికొచ్చినాక రివాల్వర్ ఎప్పుడూ ఆ పౌచ్‌లో వదలడు, తోలులో తేమ ఉంటాది, తెల్లారేసరికి తుప్పు మచ్చ వస్తాది అంటాడు. బెల్ట్‌కి తూటాలు గుచ్చే లూపులు ఉంటాయి సూడు, వాటిలో ఉంచితే ఇత్తడికి పచ్చగా చిలుము పడతాది, అందుకని అవి తీసి డబ్బాలో పెడతాడు. తోలు తడిస్తే నీడలో ఆరబెట్టాల, ఎండలో పెడితే పగులుతాది.

మా దగ్గర రూల్ వేరే అన్నా, 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం పబ్లిక్‌లో హోల్‌స్టర్‌లోనే ఉండాల, తీసి ఊపినావంటే లైసెన్స్ పోతాది. ఇంగ ఎలక్షన్ కోడ్ వచ్చిందంటే తీసకపోయి స్టేషన్‌లో డిపాజిట్ చేయాల. 2024లో పోలింగ్ మే 13న పడింది, కాబట్టి ఆ ఎండలంతా మా చిన్నాయన నడుము హాయిగా ఉండింది, రివాల్వరేమో స్టేషన్‌లో ఫ్యాన్ కింద పడుకుంది.

ఎల్‌బీనగర్_కుర్రోడు

అన్నలూ నేను ఫ్రిస్కోలో ఉంటా, హెచ్1బి. 2021 సెప్టెంబర్ నుంచి టెక్సస్‌లో 21 దాటితే లైసెన్స్ లేకుండానే పెట్టుకోవచ్చు అన్నరు కదా, అంటే నేను కూడా ఒకటి కొనుక్కోవచ్చా? రూమ్మేట్ కొనుక్కోవచ్చు అంటున్నడు. చిన్నది రూగర్ ఎల్‌సిపి జేబులో పెట్టుకునేది చూసిన, మస్తు లైట్‌గా ఉంది.

గుంటూరు_టు_ప్లానో

తమ్ముడూ ఆగు. ఆ టెక్సస్ రూల్ అసలు గన్ పెట్టుకునే హక్కు ఉన్నవాళ్ళకి మాత్రమే. హెచ్1బి, ఎఫ్1, హెచ్4, ఇవన్నీ నాన్ ఇమిగ్రెంట్ వీసాలు, ఫెడరల్ చట్టం ప్రకారం ఈ వీసాల మీద ఉన్నవాళ్ళు గన్ గానీ తూటా గానీ కొనడం సంగతి అటుంచు, దగ్గర పెట్టుకోవడమే నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి, అవి కూడా లాయర్‌ని అడక్కుండా నమ్ముకోవద్దు. రేంజ్‌కి వెళ్ళి అద్దె గన్ చేత్తో పట్టుకున్నా అది కూడా పొసెషన్ కిందే లెక్క, వీకెండ్ సరదాగా వెళ్ళి ఫోటోలు పెట్టేవాళ్ళు చాలామందికి ఇది తెలీదు. గన్ కేసులో శిక్ష పడితే గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళని కూడా వెనక్కి పంపించేస్తారు, నీ వీసా ఎంత. నీ రూమ్మేట్ మాట విని గన్ కొనే ఫారం మీద సంతకం పెట్టకు.

హ్యూస్టన్_నర్సక్క

దీనికి ఒకటి కలుపుతా. మొగుడికి గ్రీన్ కార్డ్ ఉండి భార్య ఇంకా హెచ్4లో ఉన్న ఇళ్ళు నాకు తెలుసు. అలాంటప్పుడు సేఫ్ కోడ్ ఆయన ఒక్కడికే తెలియాలి, తాళం ఆయన దగ్గరే ఉండాలి, లేకపోతే ఆవిడ మీదకి రావచ్చు. లాయర్‌ని ఒకసారి అడిగి పెట్టుకోండి.

స్టోర్‌వాలా_ఇర్వింగ్

అయితే లైసెన్స్ లేకుండా పెట్టుకోవచ్చు అన్నప్పుడు నేను 40 డాలర్లు కట్టి ఎల్‌టిసి ఎందుకు తీసుకున్నట్టు? మా స్టోర్ వెనకాలే ఎలిమెంటరీ స్కూల్ ఉంది.

గుంటూరు_టు_ప్లానో

అందుకే తీసుకున్నట్టు. స్కూల్ చుట్టూ వెయ్యి అడుగుల్లో గన్ ఉండకూడదని ఫెడరల్ రూల్, ఆ స్టేట్ లైసెన్స్ ఉన్నవాళ్ళకి మినహాయింపు. స్కూల్ లోపలికి మాత్రం కాదు. పైగా వేరే స్టేట్లకి డ్రైవ్ చేసి వెళ్ళినప్పుడు చాలా చోట్ల మన లైసెన్స్ చెల్లుతుంది, బయల్దేరే ముందు దారిలో పడే ప్రతి స్టేట్‌దీ చూసుకో. పోలీస్ ఆపి ఐడి అడిగితే దాంతో పాటు ఎల్‌టిసి కూడా ఇవ్వాలి, చేతులు స్టీరింగ్ మీదే పెట్టి ముందు నోటితో చెప్పు.

చిన్న గన్ సంగతి మళ్ళీ అడుగుతావేమో, అదీ చెప్పేస్తా. హోల్‌స్టర్, బెల్ట్, బట్ట మార్చాక కూడా బరువు అనిపిస్తే అప్పుడు సిగ్ పి365 లాంటిది చూడు, లోడ్ చేసినా 700 గ్రాముల లోపే, తూటాలు మ్యాగజైన్‌లో పది, చాంబర్‌లో ఒకటి పడతాయి. ఎల్‌సిపి ఇంకా తేలిక గానీ చేతిలో గట్టిగా తంతుంది, జేబు హోల్‌స్టర్ లేకుండా ఆ జేబులో తాళాలూ చిల్లరా వేసి తిరిగేవాళ్ళని చూస్తే నాకు చెమటలు పడతాయి. ఏది కొన్నా ముందు రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చి చూసి కొను. కొత్త హోల్‌స్టర్ వచ్చాక ఇంట్లో ఖాళీ గన్‌తో, తూటాలు వేరే గదిలో పెట్టి, ఆ ఖద్దరు చొక్కా వేసుకుని ఎడం చేత్తో చొక్కా పైకెత్తడం ప్రాక్టీస్ చెయ్, గంజి పెట్టిన గుడ్డ పోలో షర్ట్‌లా జారదు, మడిచినట్టు పైకి వస్తుంది.