అప్‌డేట్: క్లినికల్ పోస్టింగ్‌కి గాజులు తీయాలా అని అడిగింది నేనే

నేను నర్సింగ్ స్టూడెంట్‌ని, క్లినికల్ పోస్టింగ్ అంటే ఆసుపత్రి వార్డులో చేసే ట్రైనింగ్. పెళ్లయి మూడు నెలలే అయింది, గాజులు తీస్తే అత్తమ్మ బాధపడతారేమో, తీయకపోతే వార్డులో ఏమంటారో అని పోయిన నెల అడిగాను. దాదాపు అందరూ తీసేయమన్నారు. తీసేశాను.

అత్తమ్మకు విడమర్చి చెప్పాను. గాజులు, ఉంగరాల కింద సబ్బు సరిగా చేరదు, అక్కడ మిగిలిన క్రిములు ఒక పేషెంట్ నుంచి ఇంకొకరికి వెళ్తాయి అని. ఇప్పుడు ఆవిడే పొద్దున్నే నా గాజులు తీసి డబ్బాలో పెడుతున్నారు. అది చూసి నాకు ఎంత ధైర్యం వచ్చిందో!

జడ ముడి వేసి నెట్ పెడుతున్నాను, గోళ్లు పొట్టిగా కత్తిరించాను. సబ్బుతో చేతులు కడగడానికి 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. ఇంతకుముందు నేను పది సెకన్లలో ముగించేదాన్ని.

వాచీ గురించి చెప్పినవాళ్లకు ప్రత్యేకంగా థాంక్స్. సెకన్ల ముల్లు ఉన్నది, జేబుకు పిన్ను పెట్టుకునేది కోఠిలో కొన్నాను. పల్స్ చూశాక చెయ్యి వదలకుండా అలాగే పట్టుకుని, పూర్తి నిమిషం ఊపిరి లెక్కపెట్టమని మేడం నేర్పారు. లెక్కపెడుతున్నామని తెలిస్తే పేషెంట్ శ్వాస తీరు మారిపోతుంది.

ఒక్క తప్పు చేశాను. మొదటి రోజు టెన్షన్‌లో ఏమీ తినకుండా ఉప్పల్‌లో ఆరింటి బస్సెక్కాను. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు కళ్లు తిరిగాయి, సిస్టర్ కూర్చోబెట్టి నీళ్లిచ్చారు. ఇప్పుడు రెండు ఇడ్లీలైనా తినే బయల్దేరుతున్నాను.

వచ్చే సోమవారం నుంచి పిల్లల వార్డు.