ఆఫ్రికా అబ్బాయికి ఇల్లు అద్దెకిచ్చాం, వీధిలో వాళ్లకి ఎలా చెప్పాలండీ?

అందరికీ నమస్కారమండి, మాది ధవళేశ్వరం. పై పోర్షన్ టాంజానియా నుంచి వచ్చి ఇంజినీరింగ్ చదువుకుంటున్న అబ్బాయికిచ్చాం, పాస్‌పోర్టు వీసా చూశాం, విదేశీయులు దిగితే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాల్సిన వివరాలూ పెట్టేశాం. అయినా వీధిలో ఒకటే గొడవండి, ఖాళీ చేయించమని. వీళ్లంతా డ్రగ్స్ అమ్ముతారంట, ఆడపిల్లలున్న వీధంట. కిరాణా కొట్టాయనైతే చిల్లర అందరికీ చేతిలో పెడతాడు, ఈ అబ్బాయికి మాత్రం కౌంటర్ మీద పడేస్తాడు, పాపం ఏమీ అనకుండా ఒక్కో బిళ్లా ఏరుకుంటుంటే పక్కనే ఉన్న నాకు కడుపు తరుక్కుపోయింది.

అదే కాటన్ మ్యూజియం చూడ్డానికి తెల్లవాళ్లొస్తే ఇదే జనం సెల్ఫీలకి ఎగబడతారు, ఎవడివి, ఎందుకొచ్చావని ఒక్కరూ అడగరు. ఆనకట్ట కట్టించినందుకు కాటన్ దొరకి దణ్ణం పెడతాం, సరే, అది ఆయన చేసిన పనికి కదా, రంగుకి కాదు కదా!

మా వీధిలో చాలా ఇళ్లల్లో పిల్లలు అమెరికాలో ఉన్నారు. 2017లో కాన్సాస్‌లో మన తెలుగబ్బాయిని మా దేశం నుంచి పొండి అంటూ కాల్చి చంపితే ఎంత బాధపడ్డాం అందరం. అసలు 1965లో అక్కడ వలస చట్టం మారి మనకి దారి దొరికిందంటే దాని వెనక నల్లవాళ్ల పౌరహక్కుల పోరాటం కూడా ఉంది, ఇది చెప్తే ఎవరూ వినట్లేదు.

ఖాళీ చేయించే ఉద్దేశం మాకు లేదు. చట్టం ముందు అందరూ సమానమేనని చెప్పే మన రాజ్యాంగంలోని ఆర్టికల్ 14 విదేశీయులకీ వర్తిస్తుంది గానీ అది ప్రభుత్వానికి సంబంధించింది, ఇరుగుపొరుగు వాళ్లు బెదిరిస్తే ఏం చేయాలండి? ముందే స్టేషన్‌లో చెప్పి ఉంచాలా, లేక పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాలా? కాకినాడ, భీమవరం వైపు ఇలా ఇల్లిచ్చినవాళ్లుంటే మీరెలా నెట్టుకొచ్చారో కాస్త చెప్పండి, ప్లీజ్.