టమాటా బాకీ: తమిళనాడు వ్యాపారి మీద దావా ఇక్కడే వెయ్యొచ్చా?

మాది పలమనేరు దగ్గర పల్లె. ఈసారి కాయ యార్డుకు తోలకుండా, తోట దగ్గరికే బండి పంపిన తమిళనాడు వ్యాపారికి ఇచ్చినాం. మొదటి లోడ్లకు డబ్బు సక్రమంగానే వేసినాడు. తర్వాత రేపు, ఎల్లుండి. ఇప్పుడు ఫోనే ఎత్తడు. నా దగ్గరున్నవి ఆయన గుమస్తా సంతకం చేసిన తూకం చీటీలు, రేటు ఒప్పుకున్న వాట్సాప్ మెసేజ్‌లు, ఈ వారమే బౌన్సయిన చెక్కు ఒకటి.

చెక్కు సంగతి తెలుసు: చెక్కు చెల్లలేదని బ్యాంకు ఇచ్చే మెమో అందిన 30 రోజుల్లోపు నోటీసు, అది అందాక వాడికి 15 రోజుల గడువు, అయినా ఇవ్వకుంటే నెలలోపు కోర్టులో ఫిర్యాదు. కానీ చెక్కు మొత్తం బాకీలో కొంతే. మిగతాదానికి సివిల్ దావానే, మూడేళ్లలోపు.

1930 నాటి సరుకుల అమ్మకం చట్టం డబ్బు అందని అమ్మకందారు సరుకు ఆపుకోవచ్చంటుంది. మన కాయ ఎప్పుడో చారులో ఉడికిపోయింది! రైతు సరుకు కొన్న వ్యాపారి మూడు పనిదినాల్లో చెల్లించాలన్న 2020 కేంద్ర చట్టమేమో 2021లో రద్దయింది. అమెరికాలో మాత్రం కూరగాయలు కొన్నవాడు డబ్బు కట్టేదాకా ఆ సరుకు, దాన్ని అమ్మగా వచ్చిన సొమ్ము అమ్మినవాడి కోసం ట్రస్టు కింద ఉన్నట్టే లెక్క.

తెలిసిన వకీళ్లు, రైతన్నలు చెప్పండి. కాయ తూచి ఇచ్చింది తోట దగ్గరే కాబట్టి దావా పలమనేరులో వెయ్యొచ్చా? వాట్సాప్ మెసేజ్‌లు సాక్ష్యంగా చెల్లాలంటే ఏ సర్టిఫికెట్ పెట్టాలి? తీర్పు వచ్చేలోపు వాడు ఆస్తి అమ్ముకోకుండా ముందే అటాచ్‌మెంట్ (జప్తు) అడగొచ్చా?