టు కిల్ ఎ కింగ్ (2003): రాజు తల తెగాక కూడా ఫెయిర్‌ఫాక్స్ పదవిలో ఎందుకున్నాడు?

పాతరీలు:
టిమ్ రోత్ క్రామ్‌వెల్‌గా, డగ్రే స్కాట్ ఫెయిర్‌ఫాక్స్‌గా వేసిన సినిమా. ఇంగ్లండు అంతర్యుద్ధంలో పార్లమెంటు తరఫున కలిసి గెలిచిన ఈ సేనానులిద్దరూ, ఓడిన రాజు ఒకటో చార్లెస్‌ని ఏం చెయ్యాలన్న దగ్గర విడిపోతారు. అయితే రాజుని చంపింది 1649 జనవరి 30న, ఫెయిర్‌ఫాక్స్ సేనాధిపతి పదవి వదిలింది 1650 జూన్‌లో. అంత పొసగనివాడు పదిహేడు నెలలు ఎలా కొనసాగాడు? రాజు విచారణలో ఫెయిర్‌ఫాక్స్ భార్య కేకలు వేసిందంటారు, అదీ నిజమేనా?

తాళపత్రం:
కేకలు నిజమేనండి, అదీ రెండుసార్లు. జనవరి 20న వెస్ట్‌మినిస్టర్ హాలులో న్యాయనిర్ణేతల పేర్లు చదువుతుంటే, ఫెయిర్‌ఫాక్స్ పేరు రాగానే గ్యాలరీలో ముసుగు వేసుకున్న ఒకావిడ, ఆయనకి ఇక్కడికి రానంత తెలివుంది అన్నట్టు అరిచింది. 27న, ఇంగ్లండు ప్రజల పేరిట అనగానే మళ్లీ అడ్డు తగిలింది. హాలు కాపలా సైనికుల అధికారి కర్నల్ ఆక్స్‌టెల్ అటువైపు తుపాకులు ఎక్కుపెట్టించాడు. ఆమె ఆన్ ఫెయిర్‌ఫాక్స్ అని ఆ కాలం వాళ్లే రాశారు.

ఇక ఫెయిర్‌ఫాక్స్ సంగతి. రాజుని విచారించడానికి నియమించిన 135 మంది న్యాయనిర్ణేతల జాబితాలో మొదటి పేరు ఆయనదే. జనవరి 8 సన్నాహక సమావేశానికి వెళ్లి, మళ్లీ ఆ గడప తొక్కలేదు. మరణశిక్ష ఉత్తర్వు మీద 59 సంతకాల్లో ఆయనది లేదు. అలాగని ఆపడానికి ఒక్క దళాన్నీ కదపలేదు.

గుర్రపురౌతు:
స్నేహం చుట్టూ కథ అల్లడంతో సినిమాలో జీతాల గొడవ పలచబడింది. అసలు పీటముడి అక్కడే పడింది. 1647లో పార్లమెంటు తన సైన్యాన్ని రద్దు చెయ్యబోయేసరికి కాల్బలానికి 18 వారాలు, రౌతులకి 43 వారాల జీతం బాకీ. కాల్బలానికి రోజుకి 8 పెన్నీలు, అంటే మనిషికి 4 పౌండ్ల 4 షిల్లింగులు (అప్పట్లో 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు). రౌతుకి రోజుకి 2 షిల్లింగులు, అంటే 30 పౌండ్ల పైమాట, గుర్రం మేత కూడా అందులోంచే. పార్లమెంటులో రద్దు కోరిన వర్గానికి పెద్ద డెంజిల్ హోలెస్. బాకీ తీర్చకుండా ఇంటికి పొమ్మంటే ఎవరు పోతారు? సైన్యం రాజకీయంలోకి దిగిందలాగే. 1648 డిసెంబరు 6న సైన్యాధికారి కర్నల్ ప్రైడ్, రాజుతో రాజీ కోరిన పార్లమెంటు సభ్యుల్ని సభ గుమ్మం దగ్గరే ఆపేశాడు. అది ఫెయిర్‌ఫాక్స్ ఆజ్ఞ కాదు. క్రామ్‌వెల్ లండన్ చేరింది ఆ సాయంత్రమే.

పదిహేడు నెలలకి జవాబు: ఫెయిర్‌ఫాక్స్‌కి రాజు ప్రాణం ఒక విషయం, సైన్యంలో క్రమశిక్షణ ఇంకో విషయం. 1649 మేలో బర్‌ఫర్డ్ ఊళ్లో సైనికుల తిరుగుబాటుని ఆయనా క్రామ్‌వెల్లూ కలిసే అణిచారు, తిరగబడ్డవాళ్లలో ముగ్గుర్ని చర్చి ఆవరణలో కాల్చారు. ఆగస్టుకల్లా క్రామ్‌వెల్ ఐర్లండు వెళ్లాడు, 1650 మే దాకా రాలేదు. ఎదురెదురుగా పోట్లాడుకునే అవకాశమే తక్కువ. చివరికి తెగింది స్కాట్లండు దగ్గర. స్కాట్లతో ఇంగ్లండు పార్లమెంటుకి 1643 ఒడంబడిక ఉండగా, వాళ్లు దాడి చేస్తే ఎదుర్కొంటాను గాని, ముందుగా నేను దండెత్తనని ఫెయిర్‌ఫాక్స్ రాజీనామా ఇచ్చాడు. ఆ పదవి క్రామ్‌వెల్‌కి వెళ్లింది.

పాతరీలు:
స్కాట్లండు సంగతి తట్టలేదు, ధన్యవాదాలు. ఇంకొక్కటి: శిక్ష ఉత్తర్వు ఫొటోలో 1648 అని ఉంది. తప్పుగా రాశారా?

తాళపత్రం:
తప్పు కాదండి. అప్పట్లో ఇంగ్లండులో సంవత్సరం మార్చి 25న మారేది. జనవరి, ఫిబ్రవరి కాగితాలన్నిటికీ ఒక ఏడాది కలిపి చదువుకోవాలి.