సొంతంగా కట్టే సంప్‌లో రెఫ్యూజియం: అడ్డుపలకల ఎత్తు, కరెంటు పోయినప్పుడు కిందికి దిగే నీరు

ప్రశ్న

కొన్నేళ్లుగా చిన్న ఉప్పునీటి అక్వేరియం ట్యాంకు ఒకటి నడుపుతున్నాను. ఇప్పుడు 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 50 ఎత్తు ఉన్న పెద్ద ట్యాంకు సిద్ధం చేసుకుంటున్నాను. వెనుక గాజుకు రంధ్రం చేయించి, మట్టం దాటిన నీటిని కిందికి దించే ఓవర్‌ఫ్లో పెట్టె బిగించడం పూర్తయింది. దీని కింద సంప్‌గా, అంటే దిగిన నీటిని శుభ్రం చేసి తిరిగి పైకి పంపే తొట్టిగా, వాడటానికి 75 × 35 × 40 సెంటీమీటర్ల పాత గాజు తొట్టి ఉంది. అందులో మురికిని నురుగుగా తీసే స్కిమ్మర్‌కు ఒక గది, నాచు పెంచే రెఫ్యూజియానికి ఒక గది, చివర నీటిని పైకి తోసే రిటర్న్ పంపుకు ఒక గది కట్టాలని నా ఆలోచన.

అడ్డుపలకలన్నీ 25 సెంటీమీటర్ల ఎత్తులో పెడితే సరిపోతుందా? రిటర్న్ పైపు నాజిల్ ప్రస్తుతం నీటిమట్టానికి 10 సెంటీమీటర్ల కింద ఉంది. పైపులో నీటిని ఒక వైపే పోనిచ్చే చెక్ వాల్వ్ పెడుతున్నాను కనుక కరెంటు పోయినా నీరు వెనక్కి రాదనుకుంటున్నాను. అడ్డుపలకలకు నా దగ్గర మిగిలిన యాక్రిలిక్ షీటు పనికొస్తుందా? మిత్రుడొకరు కాలెర్పా నాచు ఇస్తానంటున్నారు. రెఫ్యూజియానికి అది మంచిదేనా?

మొదటి సమాధానం

గదుల సంగతి తర్వాత చూద్దాం. మొదట తేల్చుకోవలసింది పంపు ఆగిన క్షణంలో పై నుంచి ఎంత నీరు కిందికి దిగుతుందన్నది. మీ ట్యాంకు అడుగు వైశాల్యం 5400 చదరపు సెంటీమీటర్లు, అంటే నీటిమట్టం ఒక్క సెంటీమీటరు తగ్గితే 5.4 లీటర్లు దిగినట్లు. నాజిల్ 10 సెంటీమీటర్ల లోతున ఉంటే, పంపు ఆగగానే ఆ పైపే సైఫన్‌గా మారి, నాజిల్ మూతికి గాలి తగిలేదాకా 54 లీటర్లను కిందికి లాగేస్తుంది. మీ సంప్‌లో ఒక్కో సెంటీమీటరు ఎత్తుకు పట్టేది సుమారు 2.6 లీటర్లే. 25 సెంటీమీటర్ల మట్టం మీద మిగిలే 15 సెంటీమీటర్లలో 39 లీటర్లకు మించి పట్టదు. మిగిలినదంతా నేల మీదే.

చెక్ వాల్వ్‌ను మాత్రం నమ్ముకోకండి. కొత్తలో చక్కగానే మూసుకుంటుంది, కానీ కొన్ని నెలలకు లోపలి రెక్క మీద సున్నపు పొర పేరుకున్నా, చిన్న నత్త ఒకటి దూరినా పూర్తిగా మూసుకోదు, ఆ విషయం కరెంటు పోయేదాకా మనకు తెలియదు. నాజిల్‌ను నీటిమట్టానికి ఒక్క సెంటీమీటరు కింద మాత్రమే ఉండేలా పైకి ఎత్తండి. అంతకన్నా లోతున ఉంచాల్సి వస్తే, పైపుకు నీటిమట్టం కిందనే 5 లేదా 6 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టి, నాచు మూసేయకుండా వారానికోసారి పుల్లతో శుభ్రం చేయండి. అప్పుడు నీరు ఓవర్‌ఫ్లో పెట్టె అంచున ఉండే పళ్ల అడుగుదాకా మాత్రమే దిగుతుంది. అది 3 సెంటీమీటర్లనుకుంటే 16 లీటర్లు, పైపుల్లోనూ స్కిమ్మర్‌లోనూ ఉన్న నీటిని కలిపి 20 అనుకోండి. సంప్ మట్టం 7 లేదా 8 సెంటీమీటర్లు పెరుగుతుంది. దానికి చోటుంది.

అడ్డుపలకలన్నీ ఒకే ఎత్తులో పెట్టడం కన్నా మెట్లుగా దించడం మంచిది. స్కిమ్మర్ గది పలక 25, రెఫ్యూజియం పలక 24 సెంటీమీటర్లు ఉంచండి. ఆ తర్వాత బుడగలను ఆపే వరుసలో, అడుగున 3 సెంటీమీటర్ల సందు వదిలి పైకి 29 దాకా ఉండే పలక ఒకటి, దాని తర్వాత 20 ఎత్తున్న చివరి పలక ఒకటి పెట్టండి. గంటకు ట్యాంకు పరిమాణానికి నాలుగింతలు, అంటే 1080 లీటర్లు ప్రవహిస్తే, ఆ 3 సెంటీమీటర్ల సందులో నీటి వేగం సెకనుకు 3 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. బుడగలు చాలావరకు పైకి తేలిపోవడానికి అది చాలు. పంపు పెట్టె మీద రాసి ఉన్న ప్రవాహాన్ని చూసి లెక్క వేయకండి. నీటిని పైకి ఎత్తే ఎత్తు, పైపు వంపులు అందులో చాలా భాగాన్ని తినేస్తాయి.

రిటర్న్ గదిని 15 సెంటీమీటర్ల పొడవుకు మించనివ్వకండి. ఓవర్‌ఫ్లో పైపు ఏ ఆకు వల్లనో మూసుకుపోతే, పంపు ఆ గదిలో ఉన్న నీటినంతా పైకి తోసేస్తుంది. మట్టం 18 నుంచి 4 సెంటీమీటర్లకు పడిపోయేలోపు పైకి వెళ్లేది 7.4 లీటర్లు, దానితో పై ట్యాంకు 1.4 సెంటీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. దీనికి వేరే ఇబ్బంది ఒకటి ఉంది. ఆవిరైన నీటి లోటంతా ఈ చిన్న గదిలోనే కనిపిస్తుంది, రోజుకు 3 లీటర్లు ఆవిరైతే ఇక్కడ మట్టం దాదాపు 6 సెంటీమీటర్లు పడిపోతుంది. అందుకే తేలే బంతి మీటతో పనిచేస్తూ, తగ్గిన నీటిని తనంతట తానే నింపే ఆటో టాప్ అప్ పెట్టుకోండి. అందులో పోయవలసింది ఉప్పు కలపని ఆర్ఓ నీరు, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే తప్ప ఉప్పు కాదు.

రెండవ సమాధానం

యాక్రిలిక్ గురించి రెండు మాటలు. సిలికాన్ గాజుకు పట్టినంత గట్టిగా యాక్రిలిక్‌కు పట్టదు. పైగా యాక్రిలిక్ నీటిని పీల్చి కొద్దిగా ఉబ్బుతుంది, వంగుతుంది. గోడలకు బిగుతుగా ఇరికిస్తే గాజు మీద ఒత్తిడి పడి పగిలిపోయే ప్రమాదం ఉంది. రెండు వైపులా నీటిమట్టం దాదాపు సమానంగా ఉంటుంది కనుక పలక మీద బరువు తక్కువే, చాలామందికి అలాగే నడుస్తోంది కూడా. అయినా మీరు గాజు కోయించుకోవడమే నా సలహా. ఒక్కో పక్క 2 మిల్లీమీటర్లు సందు ఉండేలా కోయించి, అంచులు అరగదీయించండి.

సిలికాన్ కొనేటప్పుడు బూజు నిరోధక మందు కలిపిన స్నానాల గది రకాన్ని పక్కన పెట్టండి. ఆరేటప్పుడు వెనిగర్ వాసన రావడం మామూలే, దానికి భయపడనక్కరలేదు. పాత సిలికాన్ మీద కొత్తది అంటుకోదు కనుక, ఆ చోటును బ్లేడుతో గీకి, స్పిరిట్‌తో తుడిచి అంటించండి. ఒక వారం ఆరనిచ్చాకే నీరు పోయండి. సంప్ లోపల ఇత్తడి వాల్వులూ ఇనుప క్లాంపులూ వద్దు. ఇత్తడిలో ఉండే రాగి అతి తక్కువ మోతాదులోనే రొయ్యలకూ నత్తలకూ విషం.

మూడవ సమాధానం

కాలెర్పాను తిరస్కరించమని చెబుతాను. అది త్వరగా పెరుగుతుంది, కానీ ఒక్కోసారి రాత్రికి రాత్రే తన లోపలి పదార్థాన్నంతా బీజకణాలుగా నీటిలోకి విడిచి తెల్లబడి చనిపోతుంది. తెల్లారేసరికి నీరంతా పచ్చటి పాలలా ఉంటుంది, ప్రాణవాయువు పడిపోతుంది, అన్నాళ్లూ అది పీల్చుకున్న పోషకాలన్నీ తిరిగి నీటిలోకే వస్తాయి. దానిని కాలువలోనో సముద్రంలోనో పారబోయడం మరింత ప్రమాదం. ఆ కుటుంబానికే చెందిన కాలెర్పా టాక్సిఫోలియా 1984లో మొనాకో తీరంలో కనబడి, తర్వాత మధ్యధరా సముద్రంలో విస్తారంగా పాకింది. 2000లో కాలిఫోర్నియాలో అదే నాచును నిర్మూలించడానికి దానిని తార్పాలిన్లతో కప్పి క్లోరిన్ వాడవలసి వచ్చింది.

దాని బదులు కీటోమార్ఫా అనే నాచు తెచ్చుకోండి. ముతక ఆకుపచ్చ దారపు ఉండలా ఉంటుంది, రాళ్లకు అంటుకోదు, చేత్తో ఎత్తి సగం తుంచి పారేయవచ్చు. ఆ తుంచి పారేయడమే అసలు పని. నాచు పీల్చుకున్న నైట్రేటు, ఫాస్ఫేటు మనం దానిని బయట పడేసినప్పుడే ట్యాంకును విడిచిపోతాయి. రెఫ్యూజియంలో నీరు మెల్లగా కదలాలని చాలామంది అంటారు, దానితో నేను ఏకీభవించను. నీరు మళ్లీమళ్లీ తిరిగి వచ్చేదే కనుక ఒక్కసారికే శుభ్రపడవలసిన అవసరం లేదు, పైగా నాచు ఉండ కొద్దిగా దొర్లుతుంటే అన్ని పక్కలకూ వెలుగు తగులుతుంది, చెత్త పేరుకోదు. మందమైన ఇసుక పరిచి చిన్న ప్రాణులను పెంచాలనుకుంటే మాత్రం నెమ్మది ప్రవాహమే మేలు. మీ దగ్గరున్న చోటులో రెండూ కుదరవు. ఇసుకను వదిలేయమంటాను.

దీపాన్ని పై ట్యాంకు దీపాలు ఆరిన తర్వాత వెలిగేలా టైమర్ పెట్టండి. రాత్రి పూట అన్నీ శ్వాసిస్తూ కార్బన్ డయాక్సైడ్ వదిలి నీటి పిహెచ్‌ను దించుతుంటే, కింద నాచు దానిని పీల్చుకుని ఆ పతనాన్ని కొంత ఆపుతుంది. నైట్రేటు, ఫాస్ఫేటు పరీక్షలో పూర్తిగా సున్నాకు వస్తే సంతోషించకండి, దీపం వెలిగే గంటలను తగ్గించండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. గాజు పలకలు కోయించి, ఇచ్చిన ఎత్తుల ప్రకారమే అంటించి, వారం ఆగి, ఉప్పు కలపకుండా మామూలు నీటితో నడిపి చూశాను. నాజిల్‌ను ఒక సెంటీమీటరు లోతున ఉండేలా పైకి ఎత్తి పంపు ప్లగ్ తీశాను. నీరు దిగడం ఆగాక స్కేలు పెట్టి చూస్తే సంప్ మట్టం గాజు పై అంచుకు 7 సెంటీమీటర్ల కింద నిలిచింది. చెక్ వాల్వ్‌ను తీసేసే ఉంచాను. మళ్లీ పంపు వేసి, నీరు కుదురుకున్నాక రిటర్న్ గది గాజు మీద మార్కర్‌తో ఒక గీత గీసి, దాని పక్కన ‘నడిచేటప్పుడు ఇంతకు మించి పోయరాదు’ అని రాశాను. ఆ ప్లగ్ తీసేటప్పుడే తీగ నేరుగా సాకెట్‌లోకి దిగుతోందని గమనించాను. నీటి చుక్క జారి అందులోకి పోకుండా తీగను సాకెట్ కన్నా కిందికి వంపు తిప్పి కట్టాను. రేపు ఉప్పు కలుపుతాను. కాలెర్పా సంచీని మిత్రుడికి తిరిగి ఇచ్చేశాను, ఆయనకు కొద్దిగా బాధ వేసింది.