“రాయడం రాదు” అనాలా, “రాయలేను” అనాలా?

గ్రూపు పెద్దలకు నమస్కారం. ఒక ఇంగ్లీషు రాతని తెలుగు చేస్తూ, ఒక్క వాక్యం దగ్గర వారం రోజులుగా ఇరుక్కుపోయాను.

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఒక కుట్టుగుడ్డ ఉంది. నార బట్ట మీద ఎర్ర పట్టుదారం, అంతా క్రాస్ స్టిచ్. 1830 ప్రాంతానిది. కుట్టినామె ఎలిజబెత్ పార్కర్. 1813లో ఇంగ్లండులోని ససెక్స్‌లో, ఆష్‌బర్న్‌హామ్ అనే పల్లెలో పుట్టింది. నాన్న అక్కడి జమీందారు దగ్గర కూలీ. ఆ జమీందారు భార్య నడిపించే ధర్మబడిలో అమ్మ పంతులమ్మ. పదకొండు మంది పిల్లలు.

ఇలా కుట్టు నేర్చుకుంటూ కుట్టే గుడ్డని సాంప్లర్ అంటారు, నేను “నమూనా” అని రాసుకున్నాను. ఆ కాలపు బడిపిల్లలు కుట్టిన సాంప్లర్లలో మామూలుగా అక్షరమాల, అంకెలు, చుట్టూ పూలతీగ, కింద పేరు, తేదీ ఉంటాయి. ఇందులో పూవు లేదు, తీగ లేదు. నలభై పైచిలుకు వరుసల్లో తన బతుకు కుట్టింది. మొదలే “యాజ్ ఐ కెనాట్ రైట్” అని. రాయడం రాదు కనుక, నా బలహీనతలన్నీ ఓర్చుకునే మనిషితో మాట్లాడుతున్నట్టు ఇది ఇక్కడ పెడుతున్నాను అంటుంది.

నా తంటా ఆ “కెనాట్” తోనే. “ఈత రాదు” అంటే నేర్చుకోలేదని. “ఈదలేను” అంటే వచ్చు గానీ ఒంట్లో ఓపిక లేదనో, భయమనో. ఇంగ్లీషు ఆ రెంటినీ ఒకే మాటలో పెట్టి తప్పించుకుంది. మనకి ఆ వీలు లేదు. ఏది వెయ్యను?

జవాబు: “రాదు” అనే వేయండి. అప్పట్లో పేదపిల్లలకు ముందు చదవడం, కుట్టడం నేర్పేవారు. కలం పట్టించడం వేరే పాఠం, చాలామంది అక్కడిదాకా వెళ్లనే లేదు. చదవగలిగి రాయలేనివాళ్లు బోలెడుమంది. దుప్పట్లకీ తువ్వాళ్లకీ గుర్తులు కుట్టాలి కాబట్టి సూదితో అక్షరం వచ్చేది. సూదితో వచ్చింది, కలంతో రాలేదు, అంతే.

జవాబు: నేను ఒప్పుకోనండి. ఆ తర్వాత ఏముందో చూడండి. పదమూడేళ్లకి ఇళ్లల్లో పనికి వెళ్లింది. ఒక ఇంట్లో యజమాని పాడుబుద్ధిని తప్పించుకోబోతే మెట్ల మీది నుంచి తోసేశారు. చచ్చిపోవాలనిపించిందని కూడా కుట్టింది. ఆ యజమాని పేరు చెప్పదు, ఒక్క పొడి అక్షరం వేసి ఊరుకుంటుంది. పేరు మింగేసిన మనిషి “రాయలేను” అంటుంది గానీ “రాదు” అంటుందా? పైగా ఈమె తర్వాత ఆ ఊళ్లోనే పంతులమ్మ అయింది, చెల్లెలో అక్కో కన్న కూతుర్ని పెంచింది, 1889లో డెబ్బై ఆరేళ్లకి పోయింది.

జవాబు: ఒక పక్కమాట. సాంప్లర్‌కి “నమూనా” అని ఎందుకు, మనకి మేలుబంతి లేదా? దిద్దుకోమని పంతులుగారు పైన రాసిచ్చే వరుస. ఇంగ్లీషు మాట కూడా “ఉదాహరణ” అనే లాటిన్ మాట నుంచే వచ్చింది. మా పెద్దమ్మ ఎనిమిదో తరగతిలో మ్యాటీ గుడ్డ (గళ్ల నేత బట్ట) మీద కుట్టిన “సుస్వాగతం” ఇప్పటికీ మా గుమ్మం పైన ఉంది. గళ్లలో మన గుండ్రాలు ఇమడవు. “త” పొట్ట మెట్లమెట్లుగా వచ్చింది, “స్వా” కింది వత్తు కోసం అదనంగా మూడు గళ్లు దిగింది. లెక్క తప్పి రెండుసార్లు విప్పిందట.

నేనే మళ్లీ: మేలుబంతి పుచ్చుకున్నాను, థాంక్స్ అండి. మొదటి వాక్యానికి “రాయలేను” ఖాయం చేస్తున్నాను. “రాయలేను” అంటే రాదన్న అర్థం కూడా కొంత తగులుతుంది. “రాదు” అంటే మాత్రం రెండో తలుపు మూసుకుపోతుంది.

కానీ చివరి ముక్క ఇంకా మిగిలే ఉంది. దేవుణ్ణి క్షమించమని వేడుకుంటూ, “నా ఆత్మ ఏమవుతుంది” అనే దగ్గర ఆగిపోతుంది. చుక్క లేదు. “నా గతేం గాను” అని రాసుకున్నాను. అచ్చం మన అమ్మమ్మల నోటి మాట.

జవాబు: ఆత్మని మింగేశారేం? చర్చి మనిషండీ ఆమె. “నా గతేం గాను” అని కూడు లేనప్పుడు కూడా అంటాం. ఆమె భయం చచ్చాక ఎక్కడికి పోతానని.

నేనే: నిజమే. “నా ఆత్మ గతేం గాను.” చివర ప్రశ్నార్థకం పెట్టడం లేదు, ఆమె పెట్టలేదు.